జలపాతాలు, దేవాలయాలు: ఒక రోజు యాత్రపై విమర్శ

ఈ పత్రికలో విమర్శ అంటే సాధారణంగా ఒక పుస్తకాన్ని గురించో, ఉగాదినాడు ఆడిన నాటకాన్ని గురించో, రామభజన బృందాల పాటను గురించో ఉంటుంది. నేను ఈసారి ఒక బస్సు యాత్రను విమర్శకు తీసుకొంటున్నాను. పాఠకులు నవ్వుకొన్నా ఫరవాలేదు. ఉదయం ఎనిమిది గంటలు మొదలు సాయంకాలం అయిదు దాకా ఒక మనిషి మైకు పట్టుకొని మన దేశం ఇలాంటిది, దీని కథ ఇది అని పరదేశస్థులకు చెబుతున్నాడంటే అది కూడా ఒక రచనే. హరికథకు ప్రార్థన, అసలు కథ, పిట్టకథలు, మంగళం ఉన్నట్టే దానికీ ఉన్నాయి. పైగా ఆ కథను ఏటా వేలకొద్దీ జనం విని వెళుతున్నారు. మన పత్రికను ఎందరు చదువుతారో మనకు తెలుసు. అంత మంది వినే కథను మనం పట్టించుకోకపోవడం న్యాయం కాదు.

ముందుగా నేను ఆ బస్సు ఎందుకు ఎక్కానో మనవి చేస్తాను. ఈ దీవిలో పుట్టినవాళ్ళం మన జలపాతాలను టిక్కెట్టు కొని చూడం. జూలై నెలలో విశాఖపట్నం దగ్గర భీమునిపట్నం నుంచి ఒక పెద్దావిడ మా ఇంటికి అతిథిగా వచ్చారు. ఆవిడ కుమారుడు ఉద్యోగం పని మీద పోర్ట్ లూయీ వచ్చి, తల్లిని కూడా వెంట తెచ్చి, ఒక రోజు మాకు అప్పగించి వెళ్ళాడు. మా ఇంట్లో కారు నడిపేవారు లేరు. అందుచేత దక్షిణ భాగం చూపించే ఒక రోజు యాత్రకు మూడు టిక్కెట్లు తీసుకొన్నాను. ఆవిడకు ఒకటి, నాకు ఒకటి, నా శనివారపు తెలుగు తరగతిలో చదువుకొంటున్న పన్నెండేళ్ళ మేనకోడలికి ఒకటి. పెద్దమ్మగారికి ఇంగ్లీషు గాని ఫ్రెంచి గాని రావు. గైడు చెప్పే ప్రతి మాటనూ ఆవిడకు తెలుగులో చెప్పవలసిన పని నా మీద పడింది. ఈ విమర్శ పుట్టింది ఆ పనిలోనే. మామూలుగా వినేటప్పుడు మాటలు చెవి పక్క నుంచి జారిపోతాయి. ప్రతి వాక్యాన్నీ మరొక భాషలోకి మోసుకొని పోవలసి వచ్చినప్పుడు దానిలో ఉన్న బరువు ఎంతో, లేనిది ఎంతో తెలిసిపోతుంది.

యాత్ర దారి మీకందరికీ తెలిసినదే. క్యూర్‌పిప్‌లో త్రూ ఓ సెర్, అక్కడి నుంచి గంగా తలావ్, తరువాత ప్లేన్ షాంపేన్ మీదుగా అలెగ్జాండ్రా జలపాతం, బ్లాక్ రివర్ లోయల దృశ్యం, షమరెల్ జలపాతం, ఏడు రంగుల మట్టి, మధ్యాహ్న భోజనం, కొండ దిగి పడమటి తీరం, మళ్ళీ ఇల్లు. గైడు నలభై ఏళ్ళ మనిషి. మర్యాదస్థుడు, సమయం తప్పడు. మంచి కంఠం ఉంది. ఆయన పేరు గాని, పని చేసే సంస్థ పేరు గాని ఇక్కడ చెప్పను. ఇది వ్యక్తి మీద ఫిర్యాదు కాదు. ఏ సంస్థ బస్సు ఎక్కినా వినబడేది సుమారుగా ఇదే కథ.

మంచిని మొదట చెప్పడం విమర్శకు ధర్మం. ప్రకృతి శాస్త్రం విషయంలో ఈ గైడు మా బడిలో ఉంటే బాగుండునని అనుకొన్నాను. త్రూ ఓ సెర్ దగ్గర, చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు మన కాళ్ళ కింద చెట్లతో ఎలా నిండిపోయిందో చక్కగా వర్ణించాడు. డచ్చివారు 1639లో జావా నుంచి దుప్పులను తెచ్చారని, చెరకు గడను కూడా అప్పుడే తెచ్చారని చెప్పాడు. షమరెల్‌లో రంగుల మట్టిని గురించి చెప్పినది ఇంకా బాగుంది. లావా గట్టిపడిన నల్లరాయి వేడికీ వానకూ నానినాని బంకమట్టిగా మారిందని, దానిలో మిగిలిపోయిన ఇనుము ఎరుపునూ గోధుమ రంగునూ ఇస్తే, అల్యూమినియం నీలి, ఊదా ఛాయలను ఇస్తున్నదని, అందుకే అక్కడ గడ్డి కూడా మొలవదని పసిపిల్లలకు సైతం తెలిసేటట్టు వివరించాడు. 1994లో ఏర్పడిన జాతీయ వనంలో మన దేశపు చెట్లు ఎన్ని మిగిలాయో, తరువాత వచ్చి చేరిన ఎర్ర జామ పొదలు వాటిని ఎలా మింగుతున్నాయో చెప్పి, ఆ జామపండ్ల కోసమే మనవాళ్ళు గంపలు పట్టుకొని కొండలెక్కుతారని నవ్వించాడు. ఇవన్నీ తెలుగులో చెప్పడానికి నేను తడుముకొన్నాను గాని, పెద్దమ్మగారికి అర్థమైంది.

ఇక లోపం. గైడు ఎక్కడ బస్సు ఆపినా మొదటి మాట ఎత్తును గురించే. గంగా తలావ్ సముద్ర మట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. 2007లో ప్రతిష్ఠించిన మంగళ మహాదేవ విగ్రహం 33 మీటర్లు, అంటే 108 అడుగులు. ఎదురుగా ఉన్న దుర్గాదేవి విగ్రహమూ అంతే ఎత్తు. షమరెల్ జలపాతం దాదాపు 100 మీటర్ల నుంచి పడుతుంది. జలపాతానికీ దేవుడికీ ఒకటే కొలబద్ద. ప్రయాణికులు తలలు పైకెత్తి చూశారు, ఫొటోలు తీసుకొన్నారు, ఇరవై నిమిషాలు కాగానే బస్సు ఎక్కారు.

మహాదేవుడి పాదాల దగ్గర నిలబడి నేను ఈ అంకెలను తెలుగులో చెబుతూ ఉంటే పెద్దమ్మగారు విన్నారు, దణ్ణం పెట్టుకొన్నారు. తరువాత నన్ను అడిగారు.

“అది సరేనమ్మా, మరి జనం ఎంత దూరం నుంచి నడిచొస్తారు?”

ఆ ప్రశ్న నేను గైడును అడిగాను. శివరాత్రికి లక్షలాది మంది వస్తారని, కావళ్ళు మోసుకొని నడుస్తారని, ఆ రోజుల్లో ఈ దారి బస్సులకు కష్టమని చెప్పాడు. అంతే. పెద్దమ్మగారు తమ సింహాచలం గిరి ప్రదక్షిణం సంగతి చెప్పారు. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు నడుస్తారట. ఆవిడ పడుచు వయసులో మూడుసార్లు నడిచారట. “విగ్రహం ఎంత పెద్దదైతే ఏటి? కాలు నొచ్చితేనే గదా దేవుడు జ్ఞాపకముండేది” అన్నారు.

ఆ “ఏటి” అన్న మాట విని నేను ఒక్క క్షణం నిలబడిపోయాను. మా నాన్నమ్మ అలాగే అనేది. నేను తెలుగు నేర్చుకొన్నది మందిరం పెరట్లో జరిగే సాయంకాలపు తరగతులలో, ఆంధ్రదేశం నుంచి వచ్చిన వాచకాలలో. ఇంట్లో మాట క్రియోల్. నాన్నమ్మ మాట్లాడే నాలుగు తెలుగు ముక్కలు వాచకంలో లేవు గనుక అవి తప్పులని నేను నమ్మాను. పరీక్ష కాగితాల్లో “ఏటి” అని రాసిన పిల్లలకు మార్కులు తీసేశాను. అవి తప్పులు కావని, ఒక తీరం నుంచి ఓడ ఎక్కి వచ్చిన మాటలని ఆ రోజు గంగా తలావ్ ఒడ్డున ఎరుక అయింది. ఈ సంగతి విమర్శకు సంబంధం లేనిదిగా కనబడవచ్చు. కాదు. యాత్ర చేసిన తప్పునే నేను ముప్ఫై ఏళ్ళుగా తరగతిలో చేస్తున్నాను. పుస్తకంలో ఉన్న పెద్ద మాటను చూపించి, మనుషులు నడిచి తెచ్చిన చిన్న మాటను దాటి పోయాను.

కొలను కథను తీసుకొందాం. గైడు చెప్పినది ఒక కల. 1897లో త్రియోలే పూజారి ఝమ్మన్ గిరి గోసాయిఁ గారికి, ఈ కొలను నీరు గంగానదితో కలిసి ఉన్నట్టు స్వప్నం వచ్చింది. తరువాత 1972లో గోముఖ్ నుంచి గంగాజలం తెచ్చి కలిపారు. అప్పటినుంచి గంగా తలావ్ అన్న పేరు. ఇవి నిజాలే. అయితే కలకూ కలశానికీ మధ్య జరిగినది ఏమిటి? 1898లో ఆయనా మరికొందరూ ఉత్తరాన ఉన్న త్రియోలే నుంచి ఈ కొండల దాకా కాలినడకన వచ్చారు. సరైన దారి లేదు, అంతా అడవి. 65 కిలోమీటర్ల పొడవున్న దీవిలో ఉత్తరం నుంచి దక్షిణానికి నడవడం ఒక మొక్కుబడి మాత్రమే అనుకొంటే పొరపాటు. 1867 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన పాత కూలీ సైతం తన ఫొటో అంటించిన పాసు లేకుండా బయట తిరిగితే పోలీసులు పట్టుకొని పోయేవారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసుకొనే పద్ధతి కూడా ఉండేది. అటువంటి దేశంలో, ఆ జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉన్న తరం వాళ్ళు తమంతట తాము, ఏ తోట యజమాని పనీ కాకుండా, దేవుడి పని మీద దీవి అంతా దాటి నడిచి వచ్చారు. ఈ మాట చెబితే ఆ కొలను మెట్ల మీద నిలబడిన జర్మను దంపతులైనా, పారిస్ నుంచి వచ్చిన విద్యార్థులైనా ఫొటో తీసే చేతిని ఒక నిమిషం దించరా? చెప్పడానికి అర నిమిషం చాలు. బదులుగా ఆ విగ్రహం గుజరాత్‌లోని వడోదరలో ఉన్న విగ్రహానికి నమూనా అని రెండు నిమిషాలు చెప్పారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. వలస కూలీల చరిత్ర కావలసినవాళ్ళకు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉంది గదా, దాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది గదా, ఓడ దిగినవాళ్ళు ఎక్కిన 16 మెట్లు అక్కడ చూపిస్తారు గదా అని. నిజమే. కాని అది ఉత్తర భాగం యాత్రలో ఉంది. వేరే రోజు, వేరే టిక్కెట్టు. చరిత్రను ఉత్తరానికీ, జలపాతాలను దక్షిణానికీ పంచిపెడితే, దక్షిణం మాత్రమే చూసి వెళ్ళేవాడి మనసులో మన దీవి ఏమవుతుంది? నీళ్ళూ దేవుళ్ళూ ఉన్న తోట. తోటమాలి లేడు. క్యూర్‌పిప్ దిగువ నుంచి బస్సు చెరకు పొలాల మధ్య నడిచినంత సేపూ మైకు మూగగా ఉంది. చెరకు ఎక్కడి నుంచి వచ్చిందో ఉదయమే చెప్పాడు. చెరకు నరికినవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో సాయంకాలం దాకా చెప్పలేదు. దారిలో పొలం గట్టున చెట్టు కింద ఒక కాళీమాయి గుడి కనబడింది. ఏడు రాళ్ళు, ఎర్రని గుడ్డ, ఒక మందారపువ్వు. పెద్దమ్మగారు గభాలున “అమ్మోరు గాదేటి?” అన్నారు. బస్సు ఆగలేదు. ఆ గుడికి ఎత్తు లేదు గదా.

షమరెల్ జలపాతం దగ్గర నా అనువాదం చిక్కులో పడింది. “జలపాతం” అన్నాను. ఆవిడ ఆ మాటను అర్థం చేసుకొన్నారు గాని తృప్తి పడలేదు. మా మేనకోడలు తన పుస్తకంలో “నీళ్ళు పడే చోటు” అని రాసుకొంది. పెద్దమ్మగారు మాత్రం “మాకు సింహాచలం మెట్లదారిలో గంగధార ఉంది. అందులో మునిగి తడిబట్టతో అప్పన్న దగ్గరికి పోతాం. ఈ ధారలో ఎవరూ మునగరా?” అన్నారు. మునగరని చెప్పాను. ఎదుటి కొండ మీద కట్టిన వేదిక నుంచి చూడడమే తప్ప, అక్కడ నీటికి చేయి తగలదు. ధారకూ గుడికీ నడుమ తన తడి కాళ్ళే దారి అని తెలిసిన మనిషికి, దూరం నుంచి చూసే నీటి అందం సగమే అనిపించింది. ఆ సింహాద్రి అప్పన్ననే మన పెద్దలు ఈ దీవికి మనసులో పెట్టుకొని వచ్చారని, ఆయన పేరున ఈనాటికీ మనం పూజ చేస్తున్నామని నేను చెప్పగానే ఆవిడ నా చేయి పట్టుకొన్నారు. “మరి ఆ బాబు చెప్పలేదేటి?” అని అడిగారు.

ఆ బాబును అడగడానికి భోజన సమయంలో అవకాశం వచ్చింది. నేను పులిహోర కట్టి తెచ్చాను. గైడుకూ డ్రైవరుకూ కూడా పెట్టాను. గైడు రెండు ముద్దలు తిని, క్రియోల్‌లో, “మిస్, ఇది మా ఇంట్లో పూజనాడు చేస్తారు” అన్నాడు. మీరెవరు బాబూ అంటే, తెలుగువాళ్ళమే అన్నాడు. తాతగారు రామభజనంలో ముందు నిలబడి పాడేవారట. ఆయనకు కొన్ని పాటలు నోటికి వచ్చు, ఒక్క మాటకూ అర్థం తెలియదు. నేను కొంచెం కోపంగానే అడిగాను. ఉదయం నుంచి ఇంత చెప్పారు, మన మాట ఒక్కటి చెప్పలేదేమని. ఆయన నొచ్చుకోలేదు. ఇచ్చిన కాగితంలో లేదన్నాడు. ప్రయాణికులు ఎవరూ అడగరన్నాడు. తరువాత, ఈ విమర్శకు మూలమైన మాట అన్నాడు.

“మీరు టీచర్ గదా మిస్. నాకు మూడు వాక్యాలు ఇవ్వండి. మూడే. ఎక్కువైతే వాళ్ళు కిటికీ వైపు తిరుగుతారు. రేపటి నుంచి చెబుతాను.”

నేను నోరు తెరిచాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం, మందిరంలో ఎన్నో ఉపన్యాసాలు, ఈ పత్రికలో పదికి పైగా వ్యాసాలు. మూడు వాక్యాలు రాలేదు. వచ్చినవన్నీ ఉపన్యాసాలే. “మన పవిత్ర సంస్కృతి” అని మొదలుపెట్టాను. ఆయన వినయంగా తల ఊపాడు. నా మేనకోడలు కిటికీ వైపు తిరిగింది. అప్పటిదాకా గైడును విమర్శిస్తూ వచ్చిన నేను, నా చేతిలో ఉన్నది కూడా ఎత్తు కొలిచే కర్రే అని గ్రహించాను. మన సంస్కృతి ఎంత ఉన్నతమైనదో చెప్పగలను. మన మనుషులు ఏ దారిన నడిచారో చెప్పలేకపోయాను.

భోజనం తరువాత బస్సు కొండ దిగింది. ఒక మలుపులో సముద్రమూ, దాని అంచున లె మోర్న్ కొండా కనబడ్డాయి. గైడు బస్సును పక్కకు ఆపించి, మైకు పక్కన పెట్టి, మామూలు కంఠంతో చెప్పాడు. యజమానుల నుంచి తప్పించుకొన్న బానిసలు ఆ కొండ మీద దాక్కొన్నారని, 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు ఆ మంచి వార్త చెప్పడానికే సిపాయిలు వస్తే, తమను పట్టుకోవడానికి వచ్చారనుకొని వాళ్ళు కొండ మీది నుంచి దూకారని జనం చెప్పుకొంటారని చెప్పాడు. బస్సు నిశ్శబ్దమైపోయింది. నేను ఆ కథను తెలుగులో చెబుతూ ఉంటే పెద్దమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకొన్నారు. మూడు నాలుగు వాక్యాలే. రోజంతటిలో ఇదే ఉత్తమమైన భాగం. గమనించారా, ఆ కొండ ఎత్తు 556 మీటర్లు. గైడుకు తెలియక కాదు. ఆయన ఎత్తు చెప్పని చోటు ఆ రోజు అదొక్కటే.

కనుక లోపం గైడు శక్తిలో లేదు. లె మోర్న్ కథను క్రియోల్ సోదరులు తరతరాలుగా ఒకరికొకరు చెప్పుకొన్నారు. చిన్నదిగా, నోటికి పట్టేటట్టుగా ఉంచుకొన్నారు. పాడుకొన్నారు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చేనాటికే ఆ కథ సిద్ధంగా ఉంది. బస్సు గైడు దానిని మూలకు పెట్టలేడు. మన సంగతి అలా కాదు. మన కథ ప్రత్యేక సంచికలలో ఉంది, మహాసభల ఉపన్యాసాలలో ఉంది, ఎక్కువ భాగం మనలో మనం చెప్పుకోవడానికే రాసుకొన్నాం. ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మన దేశంలోనే జరిగాయి. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. బడులలో తెలుగు ఉంది. ఇవి గర్వపడవలసినవే. కాని మన పిల్లవాడే మైకు పట్టుకొన్నప్పుడు, వాడి నోటికి అందేటట్టు మనం ఒక్క చిన్న కథను కూడా అమర్చి పెట్టలేదు. ఇచ్చిన కాగితంలో మనం లేమని వాడిని నిందించే ముందు, వాడి చేతిలో మనమే కాగితం పెట్టామా అని అడుగుకోవాలి.

కొందరు మిత్రులు దీనికి మరొక మందు చెబుతారు. మనమూ ఒక పెద్ద విగ్రహం కడదాం, అప్పుడు బస్సులు వాటంతట అవే ఆగుతాయి అంటారు. నా మనవి ఏమిటంటే, అది అదే కొలబద్దను మనం కూడా ఒప్పుకోవడమే. బస్సు ఆగుతుంది, ఇరవై నిమిషాలు ఉంటుంది, ఎత్తు చెప్పి పోతుంది. గైడు తాతగారు పాడిన పాటకు అర్థం అప్పుడు కూడా ఎవరికీ తెలియదు. మన మందిరాలు చాలావరకు చిన్నవి. రేకుల కప్పుతో మొదలై, కూలి డబ్బులతో గోడలు లేచినవి. వాటి గొప్పతనం శిఖరంలో లేదు. రామభజనం రాత్రి మధ్యలో దీపం నిలిపి, దాని చుట్టూ తెల్లవారేదాకా తిరిగే అడుగులలో ఉంది. పొద్దున చెరకు కోతకు పోవలసిన మనుషులు రాత్రంతా ఎందుకు తిరిగారు అన్నది చెప్పగలిగితే చాలు.

ఆ రాత్రి పెద్దమ్మగారిని పంపించి వచ్చి కూర్చొని మూడు వాక్యాలు రాయడానికి ప్రయత్నించాను. నాలుగు రోజులు పట్టింది. ఉపాధ్యాయురాలిని గనుక నా పాఠాన్ని కూడా దిద్దడానికి మీ ముందు పెడుతున్నాను.

చెరకు పొలాల మధ్య బస్సు నడిచేటప్పుడు: “ఈ గడలను నరికినవాళ్ళలో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్ళు ఉన్నారు. కోరంగి అనే రేవు పేరు మీద వాళ్ళను ఇక్కడ కొరింగీలు అన్నారు. వాళ్ళ ఊళ్ళ పేర్లు ఎవరూ అడగలేదు.”

గంగా తలావ్ దగ్గర: “పాసు లేకుండా తిరిగితే పట్టుకొనిపోయే రోజులను చూసిన తరం వాళ్ళు, 1898లో ఎవరూ పంపకుండా, తమ దేవుడి కోసం దీవి దాటి ఇక్కడికి నడిచి వచ్చారు.”

జలపాతం దగ్గర: “నా తాతల దేశంలో సింహాచలం అనే కొండ మీద ఇటువంటి ధార ఒకటి ఉంది. అందులో మునిగి గుడికి పోతారు. ఆ కొండ దేవుడి పేరును వాళ్ళు ఓడలో తెచ్చుకొన్నారు. నీటిని తెచ్చుకోలేకపోయారు.”

లెక్క పెడితే మూడుకు మించే ఉన్నాయి. ఒక్కొక్క చోట మూడు అని నేను సర్దుకొన్నాను. గైడు కూడా సర్దుకొంటాడని ఆశ. క్రియోల్‌లో రాసి ఆయనకు పంపాను. రెండోదీ మూడోదీ చెబుతున్నానని, మొదటిది చెప్పేటప్పుడు మాత్రం గొంతు సరిగా రావడం లేదని కబురు చేశాడు. మూడోదానిలో “నా తాతల దేశం” అన్న చోట ఒక ఫ్రెంచి ముసలాయన ఆపి, మీ తాత పేరేమిటని అడిగాడట. గైడు చెప్పాడట. ఇన్నేళ్ళలో బస్సులో ఆ పేరు చెప్పడం అదే మొదటిసారి అన్నాడు.

పాఠక మహాశయులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరి మందిరాన్ని గురించి, మీ పొలం గట్టున ఉన్న అమ్మోరిని గురించి, మీ ఇంటి పెద్దలు నడిచిన దారిని గురించి మూడే వాక్యాలు రాసి పత్రికకు పంపండి. ఎత్తు రాయవద్దు. ఎవరు కట్టారో, ఎంత దూరం నుంచి రాళ్ళు మోశారో, అక్కడ ఏ పాట పాడేవారో రాయండి. తెలుగు తప్పులుంటే ఉండనివ్వండి. “ఏటి” అని రాసినా నేను ఇక దిద్దను.